ఎనిమిదో పాటకు తొమ్మిది టేకులు

ఆమె నాతో అన్న మొదటి మాట "బూట్లు విప్పండి."

అదీ ఎదురుగా నిలబడి కాదు. నేను బాస్ గిటార్ మెడలో వేసుకుని, హెడ్‌ఫోన్ పెట్టుకుని, స్టూడియో గదిలో మహా దర్జాగా కూర్చున్నాక, అద్దం అవతల కంట్రోల్ రూమ్ నుంచి నేరుగా నా చెవిలోకి వచ్చింది.

"ఎందుకండీ?" అన్నాను.

"కాలితో తాళం వేస్తున్నారు. ఆ బూట్లు కిర్రుమంటున్నాయి. నాన్నగారి స్పీకర్ ముందున్న మైకులో ఆయన వాయింపుకంటే మీ బూట్లే బాగా వినిపిస్తున్నాయి."

విప్పాను. ఎడమ మేజోడుకి బొటనవేలి దగ్గర చిల్లు ఉంది. అద్దం అవతల ఆమె తల వంచి ఏవో మీటలు సవరిస్తున్నట్టు నటించింది కానీ, భుజాలు ఊగుతున్నాయి. నవ్వుతోందని గుడ్డివాడికైనా తెలుస్తుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ మహాతల్లితో పన్నెండు రోజులు ఎలా వేగాలిరా దేవుడా అనుకున్నాను.

ఆ పన్నెండు రోజులే తర్వాత నా కొంప ముంచాయి.

ఆమె రికార్డింగ్ ఇంజినీరు. వాయించేవాళ్ళందరూ వాళ్ళ నాన్నగారిని మాస్టారు అనే అంటారు. ముప్ఫై అయిదేళ్ళుగా ఎవరెవరి పాటల వెనకో కీబోర్డు వాయించిన మనిషి. పాడినవాళ్ళకి పేరొచ్చింది, ఆయనకి మెడనొప్పి వచ్చింది. అరవై రెండో ఏట మొదటిసారి సొంత ఆల్బమ్ చేస్తున్నారు. ఎనిమిది పాటలు, ఒక్కదానికీ మాటల్లేవు. స్మూత్ జాజ్ ఫ్యూజన్ అంటారు దాన్ని. జాజ్ నడక మెత్తగా సాగుతుంటే మధ్యలో ఎక్కడో రాగం తొంగిచూసి పోతుంది. వాళ్ళావిడ దాన్ని లిఫ్టులో వినిపించే సంగీతం అని వెక్కిరిస్తారట, వంటింట్లో మాత్రం అదే కూనిరాగం తీస్తారట.

డ్రమ్స్ ముందే రికార్డయిపోయాయి. కీబోర్డూ బాసూ మాత్రం ఒకే గదిలో, ఒకేసారి వాయించాలని మాస్టారి పట్టు. ఎవరిది వాళ్ళు విడిగా వాయించి అతికించడమంటే, ఎవరింట్లో వాళ్ళు తిని కలిసి భోంచేశామని చెప్పుకోవడం లాంటిదని ఆయన వాదన. పాత ఎలక్ట్రిక్ పియానో ముందు కూర్చుంటే చాలు, ఆయన వయసు సగానికి సగం తగ్గిపోయేది.

ఆ స్టూడియో మేడ మీద రేకుల కప్పు గది. వాన పడితే రేకుల మీది మోతంతా మైకులో పడిపోతుంది. ఇక రికార్డింగ్ ఆపుకోవాల్సిందే.

మూడో రోజు వాన పడింది. మాస్టారు గోడకి చేరగిలబడి కునుకు తీశారు. నేనూ ఆమే మెట్ల దగ్గర నిలబడి ఫ్లాస్కులో టీ పంచుకున్నాం. చిన్నప్పుడు వాళ్ళ నాన్న కీబోర్డు కింద కూర్చుని కేబుళ్ళు చుట్టడం నేర్చుకుందట, నడక కంటే ముందు అదే వచ్చిందట. గిటార్ మా అన్నయ్య లాగేసుకుంటే మిగిలిన నాలుగు తీగలతో నేను బాస్ వాయించేవాణ్ణయ్యానని చెప్పాను. ఆమెకి నవ్వీనవ్వీ పొలమారింది. కోపంగా ఉండాల్సిన మనిషిని, అయినా నేను కూడా నవ్వేశాను.

నాలుగో రోజూ వాన, అయిదో రోజూ వాన. ఆరో రోజుకి నేను లేవగానే కిటికీలోంచి మబ్బుల కోసం చూడటం మొదలుపెట్టాను. ఆమె నన్ను బాస్‌గారూ అనేది, నేను ఆమెని మేడమ్‌గారూ అనేవాణ్ణి. కొత్త మేజోళ్ళు కొన్నాను. కొన్నారా అని అడిగితే, పాతవే కుట్టించానని కోశాను. కాలి మడమ మీద స్టిక్కర్ ఇంకా ఊడలేదని ఆమె చాలా మర్యాదగా గుర్తుచేసింది.

ఒక్క సంగతి మాత్రం చెప్పలేదు. ఈ ఆల్బమ్ ఒప్పుకోకముందే నేను ఒక ఉద్యోగానికి సంతకం పెట్టాను. ప్రయాణికుల ఓడలో బ్యాండు, ఆరు నెలలు. రికార్డింగ్ అయిపోయిన రెండో రోజే ఎక్కాలి. ఇవాళ చెబుదాం అనుకోవడం, ఆమె నవ్వడం, నేను మర్చిపోవడం. రోజూ ఇదే తంతు.

పన్నెండో రోజు వచ్చింది. మిగిలింది ఎనిమిదో పాట ఒక్కటే. ఆకాశంలో మచ్చుకైనా మబ్బు లేదు. ఇలాగే సాగితే మధ్యాహ్నం భోజనం వేళకి పాట అయిపోతుంది, నేను బూట్లు తొడుక్కుని వెళ్ళిపోతాను. అంతే. ఇక ఆ మెట్లూ ఉండవు, ఆ టీ ఉండదు.

వాన మొహం చాటేసింది కాబట్టి నా పాట్లు నేనే పడాలి. మొదటి టేకు చివర్లో కావాలనే ఒక స్వరం తప్పు వాయించాను. సారీ చెప్పాను. రెండో టేకులో మాస్టారు ఎంత బాగా వాయించారంటే నేను తప్పడం మర్చిపోయాను. తల కొట్టుకుంటుండగా హెడ్‌ఫోన్‌లో ఆమె గొంతు వినిపించింది.

"కుర్చీ కిర్రుమంది. ఇంకోసారి."

ఆ కుర్చీకి మనసులో దండం పెట్టుకున్నాను. మూడో టేకు తప్పాను, నాలుగోదీ తప్పాను.

అయిదో టేకులో మాత్రం ఒక వింత జరిగింది. అలవాటు ప్రకారం పాట చివర్లో ఒక మెట్టు కిందకి జారాను. మాస్టారు క్షణం కూడా తడబడలేదు. నా తప్పు స్వరం కిందికి వేరే కార్డ్, అంటే మరో స్వరాల గుత్తి, తెచ్చి ఆనించారు. అంతే, తప్పు తప్పులా వినిపించలేదు. పాట బయల్దేరిందే అక్కడికి రావడానికి అన్నట్టుంది. అక్కణ్ణుంచి ఆయన వేళ్ళు పరుగు తీశాయి. ఈ పన్నెండు రోజుల్లో ఒక్కసారీ వినని వాయింపు. గిటార్ పక్కన పడేసి గంతులెయ్యాలనిపించింది.

"బాస్ తప్పింది. ఇంకోసారి," అంది ఆమె.

ఎనిమిదో టేకు అయ్యాక చూశాను. మాస్టారు ఎడమచేత్తో కుడి మణికట్టు నొక్కుకుంటున్నారు. నొప్పి అని ఒక్క మాట అనలేదు, నావైపు చూసి నవ్వారు కూడా. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ముప్ఫై అయిదేళ్ళు ఎదురుచూసిన మనిషి. నా స్వార్థం కోసం ఆయన చెయ్యి అరగదీస్తున్నాను. చాలు అనుకున్నాను. ఆ కుర్చీ ఎత్తుకెళ్ళి తలుపు బయట పెట్టి వచ్చి, తొమ్మిదో టేకు నిలబడి వాయించాను. మొదటి నుంచి చివరిదాకా ఎక్కడా వేలు తప్పలేదు. ఆఖరి స్వరం గదిలో ఆరిపోయేదాకా ఊపిరి బిగబట్టాను.

"కుర్చీ కిర్రుమంది. ఇంకోసారి వెళ్దాం."

మాస్టారు నన్ను చూశారు. నా వెనక ఖాళీని చూశారు. తర్వాత అద్దం వైపు తిరిగారు.

"అమ్మాయ్, అతను నిలబడి వాయించాడు. కుర్చీ తలుపు బయట ఉంది."

అద్దం అవతల ఆమె రెండు చేతులతో మొహం కప్పుకుంది.

"రెండో టేకులో కూడా నాకు ఏ కుర్చీ వినిపించలేదు. ముసలితనం కదా, చెవులు పోయాయేమో అనుకున్నాను," అన్నారాయన. హెడ్‌ఫోన్ తీసి కొక్కేనికి తగిలించి, జేబులోంచి గుడ్డ తీసి, పియానో మెట్లు ఒక్కొక్కటే తుడవడం మొదలుపెట్టారు.

ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేను. స్పీకర్ ముందున్న మైకు దగ్గరికి వంగాను.

"నేను కావాలనే తప్పు వాయించాను. ఎల్లుండి ఓడ ఎక్కాలి, ఆరు నెలలు రాను. పాట అయిపోతే నిన్ను చూడటానికి నా దగ్గర వంక ఉండదు. నువ్వంటే నాకు ఇష్టం."

ఎప్పుడు నువ్వులోకి దిగానో నాకే తెలియదు. మాస్టారు హెడ్‌ఫోన్ తీశారు సరే, నాకు రెండు బారల దూరంలోనే ఉన్నారు. అదే మెట్టుని అయిదోసారి తుడుస్తున్నారు.

ఆమె మొహం మీంచి చేతులు తీసి, అవతలి మైకు దగ్గరికి వంగింది.

"ప్రతిసారీ ఒకే చోట, ఒకే వేలితో తప్పితే నాకు తెలియదా?" అంది. "తెలిసే ఊరుకున్నాను. నువ్వు తప్పనప్పుడు కుర్చీ మీద నెట్టాను. ఓడ సంగతి మాత్రం తెలియదు. అది ఇప్పుడా చెప్పేది?"

"తప్పే," అన్నాను.

"ఆరు నెలలా?" గొంతు బాగా తగ్గిపోయింది. "నాకూ నువ్వంటే ఇష్టం. లేకపోతే రెండో టేకుకే ఇంటికి పంపేసేదాన్ని."

ఆమె కూడా నువ్వు అనడం గమనించారా? నేను గమనించాను. రెండుసార్లు అంది.

మాస్టారు గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నారు. ఇక అయిందా అని అడిగి, కంట్రోల్ రూమ్‌కి నడిచారు. వెనకాలే వెళ్ళాను. అయిదో టేకు వెయ్యమన్నారు. కళ్ళు మూసుకుని విన్నారు. నా తప్పు వచ్చింది, దాని వెనక ఆయన పరుగు వచ్చింది. అయిపోయాక కళ్ళు తెరిచారు.

"ఈ పాట చివర ఏదో తక్కువైందని ఏడాదిగా కొట్టుకుంటున్నాను. ఇదే ఉంచు."

"అందులో బాస్ తప్పు ఉంది నాన్నా."

"ఉండనీ. నేను సర్దుకున్నాను కదా. నువ్వూ సర్దుకోవడం నేర్చుకో."

ఆమె నేల చూపులు చూసింది. నేను పైకప్పు చూశాను.

వాయింపులన్నీ సరిపాళ్ళలో కలిపే మిక్సింగ్‌కి ఎన్నాళ్ళు పడుతుందని ఆయన అడిగారు. పదిహేను రోజులు చాలంది.

"చాలవు. ఆరు నెలలు పడుతుంది."

"ఎనిమిది పాటలకి ఆరు నెలలెందుకు నాన్నా?"

"ముప్ఫై అయిదేళ్ళు ఆగినవాణ్ణి, ఆరు నెలలు ఆగలేనా? నా ఆల్బమ్ మొదటిసారి జనం ముందు వాయించేటప్పుడు నా పక్కన ఈ తప్పులవాడే ఉండాలి," అని, చెయ్యి నా భుజం మీద వేసి, "ఓడలో మాత్రం సరిగ్గా వాయించవోయ్," అన్నారు.

వంగి ఆయన మణికట్టు పట్టుకుని మెల్లగా నొక్కాను. రెండో పక్క నుంచి ఆమె కూడా వచ్చి అదే చెయ్యి పట్టుకుంది. అంతలో రేకుల మీద టపటపమని చినుకులు మొదలయ్యాయి. రికార్డింగ్ ఏదీ లేదు, ఆపడానికి ఏమీ లేదు. అయినా ఆమె అలవాటుగా ఫ్లాస్కు అందుకుని, మెట్ల వైపు నడుస్తూ, నా కోసం వెనక్కి తిరిగి చూసింది.