కేకల గుంతలో సముద్రం

పుంగనూరు నుంచి మదనపల్లెకు పోయే పాత బాట పక్కన, బండలు కొట్టి వదిలేసిన, నీళ్లు నిలిచిన లోతైన గుంత ఒకటి ఉండేది. కేకల గుంత అనేవాళ్లు. పొద్దు గూకినాక అందులోంచి ఎవరో పిలుస్తారట... "ఆఁ" అని పలికినవాళ్లు మళ్లీ ఇల్లు చేరలేదట. ఆ దారిన పోయేవాళ్లు తుమ్మొచ్చినా ముక్కు పట్టుకుని పోయేవాళ్లు.

ఈ కథలో సగం పూలమ్మవ్వ చెప్పింది, సగం మోషే అయ్యవారు చెప్పినాడు.

అప్పుడు యుద్ధం రోజులు. పూలమ్మకు మొగుడు లేడు, ఉన్నదంతా ఒక్క పొట్టి పుంగనూరు ఆవు. పాలమ్ముకునే బతుకు. ఆ ఆవు నిండు చూలుతో, నేడో రేపో ఈనేట్టు ఉన్నప్పుడు, ఒక సాయంత్రం పలుపు తెంపుకుని మాయమైంది.

తెల్లచీర, చేతిలో లాంతరు, ఇంకో చేతిలో కర్ర. కంపల్లో దూరి దూరి కొప్పు ఊడిపోయింది. "రా... రా... నా తల్లీ..." అని పిలుస్తా తిరుగుతానే ఉండాది. చీకటి పడింది.

అప్పుడు వినిపించింది, కేకల గుంతలోంచి.

"అంబా...!"

కాళ్లు ఆగిపోయినాయి. మామూలు అరుపు కాదు అది. బిందెలో తల పెట్టి అరిచినట్టు, బోలుగా...

"అందులో పడిందేమో..." అనుకుంది పూలమ్మ. భయం ఒక పక్క, ఆవు ఒక పక్క. ఆవు వైపే పోయింది.

గుంత ఒడ్డున రెండు తెల్లటి వెలుగులు! కొరివిదెయ్యాలే. "రా... రా..." అంటా ఇంకాస్త దగ్గరికి పోయిందో లేదో — ఎవరో కెవ్వుమన్నారు. దబదబ అడుగులు... చీకట్లో దూరమైపోయినాయి.

మళ్లీ నిశ్శబ్దం.

నీళ్లు కదిలినాయి... బుడ... బుడ... బుడ...

నీళ్లలోంచి తల ఒకటి లేచింది. ఇత్తడి తల! వెంట్రుకల్లేవు, ముక్కు లేదు. ముఖం నడిమధ్య ఒకే ఒక గాజు కన్ను. వెనక పొడుగ్గా పేగు ఒకటి వేలాడుతాంది.

"అంబా!" అనింది ఆ తల.

పూలమ్మకు ఒళ్లంతా చెమట. అయినా అడిగింది, "నా ఆవును మింగినావా?"

"తల... తల తీయ్... తల..."

"ఎవురి తల తీస్తావు రా!" కర్ర ఎత్తింది.

ఠంగ్! ఠంగ్! ఠంగ్!

గాజు కన్ను పగిలింది. లోపలినుంచి నిజమైన మనిషి ముఖం, నీలంగా, రొప్పుతా బయటికి చూసింది.

"కొట్టొద్దమ్మా... ఊపిరాడలా... నేను మోషేని. మిషన్ ఇస్కూల్లో డ్రిల్లు అయ్యవార్ని..."

జరిగింది ఇది. మద్రాసు నుంచి చిన్న సినిమా కంపెనీ ఒకటి వచ్చింది. సముద్రం అడుగుకు పోయి ముత్యాలు తెచ్చే వీరుల కథ. కానీ సముద్రం ఒడ్డున జపానోడు ఎప్పుడు బాంబు వేస్తాడో అని భయం. అందుకని ఎవరూ తొంగిచూడని ఈ గుంతే సముద్రమైంది. హీరోకి ఈత రాదు. ఈతొచ్చిన మోషేకి టార్పాలిన్ బట్టలు కుట్టి, పెళ్లిళ్లలో సాంబారు కాచే ఇత్తడి అండా తలకు బిగించినారు. గాలికి కొలిమి తిత్తి, దానికో రబ్బరు గొట్టం. సముద్రపు రాకాసి పట్టుకుంటే "అమ్మా!" అని అరవాల. అండాలోంచి వచ్చేసరికి అది "అంబా" అయింది.

ఇంతలో చీకట్లోంచి తెల్లచీర, విరబోసిన జుట్టు, "రా... రా..." అనే పిలుపు! పెట్రోమాక్స్ దీపాలు, కెమెరా కూడా వదిలేసి కంపెనీ అంతా పరుగో పరుగు. తిత్తి ఊదేవాడు అందరికంటే ముందు. తలకు గాలి ఆగిపోయింది. మందపాటి చేతితొడుగులతో మరలు విప్పుకోలేక మోషే చావుకు దగ్గరపడినాడు.

పూలమ్మ మరలు విప్పి, అండా ఊడబెరికింది.

"నీళ్లలోంచి తీసినవాడని అర్థమమ్మా నా పేరుకి," అన్నాడు మోషే, చెవులు రుద్దుకుంటా. "ఈ పొద్దు నువ్వు తీసినావు."

"అదంతా సరే అప్పా... నా ఆవు యాడ?"

"అంబా!" ఈసారి వెనకనుంచి. బండ చాటున, గడ్డి కూరి చేసిన సముద్రపు రాకాసి కాళ్లు హాయిగా నములుతా నిలబడి ఉండాది ఆవు. ఇద్దరూ దాన్ని తోలుకుని ఊరికి నడిచినారు. ఆ రాత్రే ఈనింది, పెయ్యదూడ.

మరుసటేడు ఆ సినిమా పుంగనూరు డేరాకి వచ్చింది. మోషే పూలమ్మను పిలుచుకుని పోయినాడు. తెరమీద సముద్రం... వీరుడు లేచినాడు... అంతలో లాంతరు పట్టుకుని పూలమ్మ! ఠంగ్! ఠంగ్! జనం ఈలలు, పొట్టలు పట్టుకుని నవ్వులు. "కొంగన్నా సర్దుకోమని చెప్పలేదే పాపిష్టోళ్లు!" అని పూలమ్మ మురిసిపోయింది.

సినిమా పెట్టెలతో కెమెరా ఆయన కూడా వచ్చినాడు. మోషే పోయి ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"అంత భయంలోనూ వదలకుండా తీసినారే, గట్టోళ్లప్పా మీరు!"

ఆయన ముఖం పాలిపోయింది.

"మేం తెల్లారేదాకా రాలేదండీ ఆడికి," అన్నాడు మెల్లగా. "అది చేత్తో పిడి తిప్పితేనే నడిచే కెమెరా. మీ ఊరోళ్లెవరో తిప్పారనుకున్నాం..."

మోషేకి తెరమీద చూసిన ఆ ఆఖరి బొమ్మ గుర్తొచ్చింది. తానూ పూలమ్మా ఆవును తోలుకుని బాట ఎక్కుతాంటే... వెనకనుంచి, వణుకు లేకుండా, లాంతరు చుక్కంత అయ్యేదాకా... కెమెరా మెల్లగా తమవైపే తిరుగుతా చూసింది.