బామ్మ బండిలో రెండు టికెట్లు

“ఈ అద్దాల్లాంటి టైల్స్ ఎవరు వేశారండీ?”

గుమ్మంలోనే జారి, తలుపు పట్టుకుని నిలదొక్కుకున్న అమ్మాయి అడిగింది. బామ్మ కోసం పిలిపించిన ఫిజియోథెరపిస్టు.

“నేనే. టైల్స్ వేయడమే నా పని,” అన్నాడు మనవడు గర్వంగా.

“మీ బామ్మ మీద మీకేమైనా కోపమా?”

అతనికి తల కొట్టేసినట్లయింది. బామ్మ గది మెరవాలని ఏరి కోరి తెచ్చి వేసిన టైల్స్ అవి. ఆ నునుపు మీదే ఆవిడ ఇప్పటికి రెండుసార్లు జారింది. దానికి తోడు మతిమరుపు. ఇక మంచం దిగనివ్వకూడదని అతని నాన్న పట్టుపట్టాడు.

“మంచానికే వదిలేస్తే కాళ్లు ఇంకా చచ్చుబడతాయి. మీరు గరుకు టైల్స్ వేయండి, నేను నడిపిస్తాను,” అందామె.

కిక్కురుమనకుండా వేశాడు. ఆమె వచ్చే వేళకి చొక్కా మార్చుకోవడం కూడా అలవాటైంది.

బామ్మ నడుముకి బెల్టు కట్టి, అది పట్టుకుని నడిపిస్తూ ఆమె ఏదో ఒకటి అడిగేది. “పొద్దున ఏం తిన్నారు బామ్మగారూ?” బామ్మ ఠక్కున ఆగిపోయేది. ఆలోచించబోయి తూలేది.

“నడుస్తూ మాట్లాడలేకపోతున్నారు. పడిపోయేవాళ్లలో ముందు కనిపించేది ఇదే,” అని అతనితో చెప్పింది, వెళ్తూ గేటు దాకా అతనితో నడుస్తూ. అంతలోనే, “మీకు పెళ్లయిందా?” అంది.

పక్కనే నడుస్తున్న అతను ఠక్కున ఆగిపోయాడు.

“అయ్యో, మీకూ అదే జబ్బు!” పకపకా నవ్వి వెళ్లిపోయింది.

మర్నాడు నాన్న వచ్చి నిలబడి చూశాడు. బామ్మ మళ్లీ తూలింది. “చాలమ్మా, రేపట్నుంచి రావద్దు,” అన్నాడాయన.

బామ్మకి నడక పోతుంది, ఈ అమ్మాయీ పోతుంది అనుకున్నాడతను. ఉన్నట్టుండి కుర్చీలన్నీ లాగి హాల్లో రెండు వరసలు వేశాడు. నాన్నని ఒకదాంట్లో కూర్చోబెట్టి, తనూ ఒకదాంట్లో కూర్చున్నాడు. బామ్మ ఒకప్పుడు బస్సు కండక్టరు.

“కండక్టరమ్మా, టికెట్!” అని కేకేశాడు.

బామ్మ తలెత్తింది. పాదాలు కాస్త ఎడంగా పెట్టింది. తుంటిని కుర్చీ అంచుకి ఆనిస్తూ, ఊగుతున్న బండిలో నడిచినట్టు నడిచింది. “ముందుకి జరగండి బాబూ, టికెట్, టికెట్!” ఎక్కడా ఆగలేదు, తూలలేదు. పొద్దున తిన్నది గుర్తులేని మనిషికి పాదాల నిండా జ్ఞాపకమే. అమ్మాయి బెల్టు పట్టుకుని వెనకే నడిచింది.

“ఎక్కడికి బాబూ?” అంది బామ్మ కొడుకుతో.

“నువ్వు ఎక్కడికి తీసుకెళ్తే అక్కడికమ్మా,” అన్నాడు నాన్న కళ్లు తుడుచుకుంటూ. “రేపు కూడా నడుద్దువుగాని.”

బామ్మ మనవడి ముందుకొచ్చింది. “నువ్వెక్కడికిరా?”

“ఈ అమ్మాయి ఎక్కడికంటే అక్కడికి,” అనేశాడు గుండె చిక్కబట్టుకుని.

బామ్మ వెనక్కి చూసింది. “నువ్వెక్కడికమ్మా?”

ఆమె చెంపలు కందిపోయాయి. బెల్టు మాత్రం వదల్లేదు.

“ఈ ఇంటికే బామ్మగారూ.”

“అయితే ఇద్దరూ జరిగి కూర్చోండి,” అంది బామ్మ. “బండి కదులుతోంది.”