పదకొండింటికి మోగే గది

హనుమకొండలో ఆ గది మాటెత్తితే, నోటిదాకా వచ్చిన చాయ్ గ్లాసు కూడా కిందికి దిగేది. ఒకప్పుడు పాత దవాఖానలో శవాల గది అది. ఎనభై ఆరులో ఒక ఆఫీసువాళ్లు కిటికీలు మూసేసి, ఏసీ బిగించి, అందులో కంప్యూటర్లు పెట్టారు. రెండు నెలలకే... తాళం వేసిన గదిలో, రాత్రి పదకొండు కాగానే గంట మోగడం మొదలైంది. నాలుగింటిదాకా ఆగదు. లోపలివాళ్లు పిలుస్తున్నారన్నారు జనం.

జయరాజు అక్కడ పగటి ఆపరేటర్. నెలాఖరు పని మెడకు చుట్టుకుని, ఆ రాత్రి ఉండిపోక తప్పలేదు. టేపులు పోతాయని రాత్రిళ్లు బయటినుంచే తాళం వేయడం అక్కడి పద్ధతి.

"జర పైలం బిడ్డా," అని తాళం తిప్పి, వాచ్‌మన్ సారయ్య గేటు దగ్గరికి వెళ్లిపోయాడు.

పదకొండైంది. గంట...

దాని వెనకే స్టెబిలైజర్ నుంచి పొగ.

"కాకా... తాళం తియ్యి!" తలుపు బాదాడు. ఆ హోరులో తన గొంతు తనకే వినబడలేదు. కరెంటు ఆపుదామంటే మెయిన్ స్విచ్ బయట వరండాలో ఉంది. ఇంట్లో భార్య సారమ్మ, మూడు నెలల బిడ్డ... జయరాజుకు ఏడుపొచ్చింది.

గంట ఆగితేగాని కేక బయటికి పోదు. పాక్కుంటూ తెర దగ్గరికొచ్చాడు. ఫైలు మొదటి వరుసలోని మెషిన్ పలకడం లేదు — దానికి పేరు లేదు — అని ఉందక్కడ.

పేరు లేనిదా... ఈ గదిలోనా? రాత్రి పదకొండు నుంచి నాలుగుదాకా నడిచే కాపలా ప్రోగ్రాం ఏయే మెషిన్లను చూడాలో రాసిన ఫైలు తెరిచాడు. అది రాసింది తనే. అన్నిటికంటే పైన — సిలువ.

ఉత్తరమైనా చిట్టీ అయినా పైన సిలువ గీయందే అతని చేయి కదలదు. ఇక్కడ గీయడం కుదరక ప్లస్ నొక్కాడు. ఆ ప్రోగ్రాంకేమో ప్లస్ అంటే, పక్కన పేరున్న మెషిన్ పలికేదాకా గంట కొట్టమని. పక్కన పేరే లేదు. లేనిదాన్ని అది రోజూ పిలుస్తోంది.

చెరిపేయబోయి ఆగాడు. శవాల గదిలో కూర్చుని సిలువను చెరపడమా? గుర్తుకు ముందు ఒక వాలుగీత పెడితే మెషిన్ దాన్ని ఉత్త రాతగా వదిలేస్తుందని ఇంజినీరు ఎప్పుడో చెప్పాడు. ప్లస్ ముందు గీత పెట్టాడు.

గంట ఆగింది.

అరుద్దామని నోరు తెరిస్తే దగ్గే తప్ప మాట రాలేదు. తలుపు దగ్గరే కూలబడ్డాడు... అంతలో తాళం కదిలింది. సారయ్య అతన్ని రెక్క పట్టి వరండాలోకి ఈడ్చాడు.

"అంతసేపు మోగుతాంటే... రాకపోతివి కాకా?"

"మోగుడు రోజు ఉన్నదే గదా బిడ్డా," అన్నాడు సారయ్య. "ఇయ్యాల నడిమిట్ల ఆగింది. అప్పుడు భయమైంది నాకు."