మెరుపుతీగ ఆఖరి సీటు

కట్టంగూర్ దాటాక, హైవే పక్కన గుట్టను ఆనుకొని ఉన్న పార్కులో రెండు రోలర్ కోస్టర్లు ఉన్నాయి. చిన్నది సుడిగాలి. పెద్దది మెరుపుతీగ. ఆ పెద్దదాని కోసం సూర్యాపేట నుంచీ హైదరాబాదు నుంచీ జనం బండ్లు కట్టుకొని వస్తారు. పగలైతే దాని ఆఖరి సీటు కోసం కొట్టుకుంటారు... ఎత్తు మీంచి పడేటప్పుడు గుండె ఎక్కువ జల్లుమనేది అక్కడేనట!

పొద్దుగూకాక మాత్రం ఆ సీటు దగ్గరికి పనివాళ్ళెవరూ ఒంటరిగా పోరు.

కారణం ఎల్లస్వామి. మెరుపుతీగ నిలబెట్టిన నాటి నుంచీ దాన్ని చూసుకున్న ఫిట్టరు. సాయంత్రం పార్కు మూశాక ఆ ఆఖరి సీట్లో కూర్చొని ఒక బీడీ కాల్చి గానీ ఇంటికి పోయేవాడు కాదు. నిరుడు పచ్చకామెర్లు ముదిరి దవాఖానలో పోయాడు. పోయినవాడు పోయినట్టు ఉండాలి కదా... ఉండలేదంటారు. చీకటిపడ్డాక అక్కడ దగ్గు వినిపించిందని ఒకరు, బీడీ వాసన వచ్చిందని ఇంకొకరు. మన జనం గోరంతను కొండంత చేయనిదే నిద్రపోరు. నెల తిరిగేసరికి ఎల్లస్వామి అగ్గిపెట్టె కూడా అడిగాడని చెప్పుకున్నారు.

వీరేశం ఇవేవీ నమ్మలేదు. హాలియా మనిషి. మెరుపుతీగ ఎక్కినవాళ్ళ ఒళ్ళోకి ఇనుప కడ్డీ దించి, అది బిగిసిందో లేదో చేత్తో గుంజి చూడడం అతని పని. దిగేటప్పుడు కడ్డీ టిక్కు టిక్కుమంటుంది. ఖాళీ సీటైతే ఐదు టిక్కులు పడి అడుగుదాకా పోతుంది. మనిషి కూర్చుంటే ఒడికి తగిలి రెండింటికో మూడింటికో ఆగుతుంది. కళ్ళు మూసుకున్నా సరే, ఆ చప్పుడును బట్టి సీట్లో మనిషి ఉన్నదీ లేనిదీ చెప్పేవాడు.

ఆ వారం ముసురు పట్టి పార్కు నాలుగు రోజులు మూశారు. అది నాలుగో రోజు, మర్నాడు తెరవాలి. మర్నాడే హాలియా నుంచి బడిపిల్లలు రెండు బస్సుల్లో వస్తున్నారు. అందులో వీరేశం కూతురు అనూహ్య ఉంది. ఏడో తరగతి. మా బాపు నడిపే బండి అని క్లాసంతా చాటింపు వేసింది. అది చాలక సాయంత్రం ఫోన్ చేసింది.

"బాపూ, ఆఖరి సీటు నాకే! ఇంకెవ్వరికి ఇయ్యకు."

"నీకే బిడ్డా," అని మాటిచ్చాడు.

రాత్రి తొమ్మిది దాటింది. వాన ఆగింది గానీ పట్టాల మీంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. కింద గదిలో మీటల దగ్గర అమీర్ కూర్చున్నాడు. పైన జనం బండెక్కే చోట వీరేశం ఒక్కడే. బండిని ఒకసారి ఖాళీగా తిప్పి చూడాలి, అంతకుముందు కడ్డీలన్నీ దించాలి.

దించుకుంటూ పోయాడు. ఐదు టిక్కులు... ఐదు... ఐదు... ఆఖరి సీటు దగ్గరికి వచ్చి, దాని కడ్డీ కూడా దించాడు.

టిక్కు. టిక్కు.

ఆగింది.

వీరేశం లేపి మళ్ళీ దించాడు. రెండే. ఈసారి రెండు చేతులతో అదిమాడు. ఇనుముకు తగిలి ఆగినట్టు లేదు... మనిషి తొడకు ఆనినట్టు, కొంచెం మెత్తగా ఉంది.

కిందికి ఫోన్ చేశాడు.

"అమీర్... ఆఖరి సీటు కడ్డీ దిగుతలేదు తమ్మీ."

"ఈడ పచ్చ లైటే ఉంది అన్నా. లాకు పడ్డది."

"రెండు టిక్కులకే ఆగింది."

అమీర్ గొంతు తగ్గించి అడిగాడు.

"సీటు... ఖాళీగనే ఉంది కదా?"

వీరేశం టార్చి వేశాడు. ఖాళీగానే ఉంది.

"నువ్వు దిగి రా అన్నా. నీకు దండం పెడ్త. లైటు పచ్చగుంది, అంతా మంచిగనే ఉందని చెప్పుదాం. ఎవరికి తెలుస్తది?"

నిజమే, ఎవరికీ తెలియదు. కానీ పొద్దున అక్కడ కూర్చునేది అనూహ్య. తెలిసి తెలిసి కన్నబిడ్డను దెయ్యం ఒళ్ళో ఎట్లా కూర్చోబెడతాడు? కాళ్ళు పారిపొమ్మంటున్నా వీరేశం కదలలేదు.

"ఎల్లన్నా..." అన్నాడు మెల్లగా. "జర లెవ్వే. రేపు నా బిడ్డ కూసుంటది ఈడ."

ఒళ్ళంతా బరువు వేసి అదిమాడు. కడ్డీ దిగలేదు. భయంలోంచి కోపం తన్నుకొచ్చింది.

"సచ్చి ఏడాదాయె! ఇంకా సీటిడువవా? మమ్మల్ని బతకనియ్యవా?"

అప్పుడు — అతని అరచేతుల కింద కడ్డీ కొంచెం లేచింది. మళ్ళీ దిగింది. మళ్ళీ లేచింది... నిదానంగా, ఊపిరి పీలిస్తే కడుపు ఎగసినట్టు.

మెడలో తువ్వాల తీసి సీటుకు అడ్డంగా కట్టాడు. ఎట్లా కట్టాడో, మెట్లు ఎట్లా దిగాడో అతనికే తెలియదు. అమీర్ గదిలో గొళ్ళెం పెట్టుకొని ఇద్దరూ తెల్లారేదాకా కూర్చున్నారు.

పొద్దున బస్సులు వచ్చాయి. పిల్లలందరికన్నా ముందు అనూహ్యే ఉరికొచ్చింది. తువ్వాల చూసి ఆగిపోయింది.

"మాటిచ్చినవు కద బాపూ..." కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వెనక స్నేహితులు కిసుక్కుమన్నారు.

ఇంతలో ఇంజనీరు కమలాకర్ వచ్చాడు. సంగతంతా విని పగలబడి నవ్వాడు.

"శభాష్ వీరేశం! తువ్వాలతోని దెయ్యాన్ని కట్టేసినవా? ఏ రాయో రప్పో ఇరుక్కొని ఉంటది, జరుగు."

బిడ్డ ముందు వీరేశానికి తల కొట్టేసినట్టయింది. కమలాకర్ సీటు వెనక మూత విప్పి లోపలికి తొంగిచూశాడు. ఆయన నవ్వు ఆగిపోయింది.

కడ్డీని పట్టి ఉంచే బొటనవేలంత పిన్ను దాదాపు పూర్తిగా తెగి ఉంది. నూలుపోగంత మిగిలింది.

"ఎవరన్నా కూసుంటే... మొదటి దిగుడుకే కడ్డీ ఊడిపోతుండె," అన్నాడు నెమ్మదిగా.

వీరేశం కూతుర్ని గట్టిగా దగ్గరికి లాక్కున్నాడు. ఆ తర్వాత పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టు నవ్వేశాడు.

"అంటే దెయ్యం గియ్యం ఏం లేదన్నట్టు! పిన్ను ఇరగబట్టే రాత్రి కడ్డీ దిగలే. ఉత్త పుణ్యానికి ఎల్లన్నను తిడితిని సారూ."

కమలాకర్ కడ్డీ లేపి, వదిలేశాడు. టకటకా ఐదు టిక్కులు పడి అడుగుదాకా పోయింది. మళ్ళీ లేపి వదిలాడు. మళ్ళీ ఐదు.

"పిన్ను ఇరిగితే కడ్డీకి పట్టు ఉండదు వీరేశం. గిట్ల అడుగుదాక పడిపోవాలె." ఆయన సీటు మీంచి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "నడుమల ఆగాలంటే... దాని కింద ఎవరో ఒకరు కూసోవాలె."