బాల్కనీ క్యాబిన్ ఏజెంట్

1994 మార్చి. ఆర్మూర్ మార్కెట్ యార్డు.

పసుపు వేలం జోరుగా సాగుతోంది. కుప్ప పక్కన నిలబడి కొమ్ము విరిచి చూస్తున్న తలపాగా మనిషిని ఎవరైనా ఖరీదుదారే అనుకుంటారు. ఆయన సీక్రెట్ సర్వీస్ సెక్షన్ చీఫ్ రాజేశ్వర్. ఎదురుగా ఉన్న యువకుడు ఏజెంట్ గంగాకిషన్. పుట్టింది ఆర్మూర్‌లోనే. పదేళ్లుగా ఢిల్లీలో ఉంటున్నాడు.

"మన నేవీ రాడార్ ప్లాన్లు మైక్రోఫిల్మ్ మీదికెక్కినయ్. మద్రాస్ నుంచి సింగపూర్ పోయే క్రూయిజ్ షిప్‌ల బయటికి పోతున్నయ్. తీసుకపోయేటోడు క్రూగర్. విదేశీ ముఠా మనిషి."

"నా కవర్? ఏ వేషం?"

"పసుపు వ్యాపారి. మనోళ్లు కొందరు అక్కడి మసాలా ఎగ్జిబిషన్‌కు గదే ఓడల పోతున్నరు. వాళ్లల్ల కలిసిపో. క్యాబిన్ మాత్రం కింది డెక్‌ల, ఓడ నడుమ, మెట్ల పక్కన తీస్కో. ఊపు తక్కువ. ఎటు ఉరకాలన్నా దగ్గర."

"మనవాళ్లెవరైనా?"

"షాహజాది. బోధన్ పిల్ల. క్రూగర్ ఆమెను తన మనిషే అనుకుంటున్నడు. ఆమె 'పసుపు తడిసిందా' అంటది. నువ్వు 'ఎండకు పెట్టిన' అనాలె."

గంగాకిషన్ తలూపాడు. కానీ ఓడ ఎక్కేసరికి పసుపు వ్యాపారి కాస్తా బొంబాయి వజ్రాల వ్యాపారి అయ్యాడు. సూటూ బూటూ వేసుకుని మళ్లీ ఆ యాసా, ఆ పసుపు వాసనా ఎందుకనుకున్నాడు. క్యాబిన్ కూడా మార్చేశాడు. పదో డెక్, ఓడ ముందు భాగం, విడిగా బాల్కనీ.

మర్నాడే సముద్రం పోటెత్తింది. ఓడ ముక్కు లేచి పడినప్పుడల్లా అతని కడుపూ లేచి పడింది. ఆ బాల్కనీ వాంతులకే పనికొచ్చింది.

మూడో రోజు సాయంత్రం కాస్త తేరుకుని లాంజ్‌కు వెళ్లాడు. నల్ల షిఫాన్ చీరలో మెరిసిపోతున్న షాహజాదితో కోడ్ వర్డ్స్ కలిశాయి. ఆమె ఎదుట సిగరెట్ లైటర్‌లోని కెమెరా చూపించి గొప్పలు పోతుండగా వెనకనుంచి గట్టిగా పిలుపు.

"అరె, గంగాకిషన్! నువ్వారా అల్లుడా!"

ఆర్మూర్ పక్క పెర్కిట్ ఊరి భోజన్న. గంగాకిషన్‌ను చిన్నప్పుడు భుజాల మీద ఎక్కించుకుని యార్డంతా తిప్పిన పసుపు వ్యాపారి.

"జర దారి చెప్పు. ఎటు చూసినా గదే తివాచీ, గవే తలుపులు. నా గది దొరుకుతలేదు. ఇంకో ముచ్చట. ఎవడో తెల్లోడు నా పసుపు శాంపిల్ డబ్బ మార్చుతుంటే చూసిన..."

చుట్టూ ఉన్న సూట్లవాళ్లు తలలు తిప్పి చూశారు. గంగాకిషన్ ఒళ్లంతా ముడుచుకుపోయింది.

"సారీ. మీరెవరో నాకు తెలీదు. స్టీవార్డ్‌ను అడగండి," అన్నాడు ఇంగ్లిషులో.

భోజన్నకు మాటలు అర్థం కాలేదు. ముఖం అర్థమైంది. వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

కవర్ కోసమేగా అని గంగాకిషన్ తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. చెప్పిన కవర్‌లోనే ఉంటే ఆ అబద్ధంతో పనే లేదన్న సంగతి అతనికీ తెలుసు.

మర్నాడు ఓడ సింగపూర్‌ను సమీపిస్తుండగా షాహజాది అతని తలుపు బాదింది.

"ఫిల్మ్ ఒక ముసలాయన పసుపు డబ్బల ఉన్నదంట! మద్రాస్‌ల కస్టమ్స్ దాటనీకి ఆయనను వాడుకున్నరు. డబ్బ మార్చేది ఆయన చూసిండని క్రూగర్‌కు తెలిసిపోయింది, సాక్ష్యం ఉండొద్దని క్రూగర్ వెనక డెక్‌కు తీస్కపోయిండు. డబ్బ గుంజుకొని సముద్రంలకు నూకుతడు!"

"ఎవరా ముసలాయన?"

ఆమె అతని కళ్లలోకి సూటిగా చూసింది. "నిన్న నువ్వు ఎవరో తెల్వదన్నవ్ గదా, గాయననే. నేను కెప్టెన్ దగ్గరికి పోత. నువ్వు ఉరుకు!"

గంగాకిషన్ పరుగెత్తాడు. లిఫ్టుల ముందు జనం, సూట్‌కేసులు. మెట్లన్నీ దిగి కింది కారిడార్‌లో దూసుకెళ్తే అది ఓడ నడుమ వంటగది గోడ దగ్గర ఆగిపోయింది. దారి లేదు. మళ్లీ పైకెక్కి, డైనింగ్ హాల్ దాటి, అవతల దిగాలి. చీఫ్ చెప్పిన క్యాబిన్ తీసుకుని ఉంటే ఈపాటికి అక్కడుండేవాడు. నిన్న ఆ ముసలాయన మాట పూర్తిగా విని ఉంటే ఈ పరుగే ఉండేది కాదు.

వెనక డెక్ తలుపు తోశాడు. దూరంగా రెయిలింగ్ దగ్గర భోజన్న వంగి హార్బర్ చూస్తున్నాడు. వెనక క్రూగర్, ఒక చేతిలో డబ్బా. రెండో చెయ్యి ఆయన వీపు మీదికి వెళ్తోంది. జేబులో పెన్నులా కనబడే పిస్టల్ ఉంది, కానీ పేలిస్తే ఎవరికి తగులుతుందో తెలీదు.

"భోజన్న మామా! కింద కూసో!"

ఆర్మూర్ యార్డులో ఆ చివర నుంచి ఈ చివరకు వినబడేటట్టు అరిచాడు. భోజన్న చటుక్కున కూలబడ్డాడు. ఒక్క ముక్క అర్థంకాని క్రూగర్ బలమంతా పెట్టి గాలిని తోశాడు. తూలి రెయిలింగ్ మీదుగా సగం అవతలికి వెళ్లిపోయాడు. గంగాకిషన్ ఒక్క దూకు దూకి అతని కాళ్లు దొరకబుచ్చుకున్నాడు. దొర్లుతున్న డబ్బాను భోజన్న ఒడిలోకి లాక్కున్నాడు.

షాహజాది వెంట కెప్టెన్ మనుషులు వచ్చి క్రూగర్‌కు బేడీలు వేశారు. ఫిల్మ్ పసుపు అడుగున భద్రంగా ఉంది.

గంగాకిషన్ భోజన్న పక్కన నేల మీద కూర్చున్నాడు. తల ఎత్తలేకపోయాడు.

"మామా, నిన్న నిన్ను గుర్తుపట్టిన. సిగ్గయి, ఎవరో తెల్వదన్న."

"ఎరుకనే అల్లుడా. అబద్ధమాడితే నీ చెవులు ఎర్రగైతయ్. చిన్నప్పటి సంది గంతే."

కోపం ఇసుమంతైనా లేని ఆ మాటకు గంగాకిషన్ ఇంకా కుంగిపోయాడు. షాహజాది నవ్వు దాచుకోవడానికి సముద్రం వైపు తిరిగింది.

సీక్రెట్ సర్వీస్ వాళ్లు అతనికి గడ్డాలు, మీసాలు, విగ్గులు అన్నీ పెట్టడం నేర్పారు. చెవులకేం పెట్టాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.