ఇరవై ఏడో పటం

నంద్యాల బస్టాండు ఎదురు లాడ్జి. రూమ్ నంబర్ 304. పొద్దున ఏడు గంటలు.

చీఫ్ పద్మనాభ్ టేబుల్ మీద ఒక ఫోటో పడేశాడు.

"ఇతనే టార్గెట్. ఎనిమిదికి లిఫ్ట్ చెయ్యాలి. ఆర్డర్ మీద ఫీల్డ్ ఏజెంట్ సంతకం కావాలి. నీదే."

ఏజెంట్ ముబారక్ ఫోటో చేతిలోకి తీసుకున్నాడు. బ్యూరోలో చేరి పన్నెండేళ్లు. ఇలాంటి ఫోటోలు ఎన్నో చూశాడు. స్మగ్లర్లు, కోవర్టులు, డబ్బుకు దేశాన్ని అమ్ముకున్న సైంటిస్టులు. ఈ ఫోటోలో మాత్రం తలకు తువ్వాల చుట్టుకుని, చేతిలో సుత్తి పట్టుకుని, నోట్లో రెండు చిన్న మేకులు పెట్టుకుని ఉన్నది అతని సొంత నాయన. పటాలకు ఫ్రేములు కట్టే ఇమామ్.

"సార్, ఈయన..."

"తెలుసు. అందుకే నిన్ను పిలిచింది."

పద్మనాభ్‌కు బ్రీఫింగ్ అంటే మహా ఇష్టం. ఎదుటివాడి ప్రాణం పోతున్నా పాయింట్లు వరసగా చెప్పందే ఊరుకోడు.

రక్షణ శాఖ ల్యాబ్ ఒకదాంట్లోంచి డ్రోన్ గైడెన్స్ కోడ్ లీకైంది. గోరంత మెమరీ కార్డు. ఆళ్లగడ్డ దగ్గర పాలెగాళ్ల వంశంలో ఆఖరి దొర ఒకాయన పోయాడు. వారసుడు బెంగళూరులో ఉంటాడు, బంగ్లా మొహం చూడడు. దొరవారు జీవితమంతా కూడబెట్టిన బ్రిటిష్ పెయింటింగ్స్ నలభై ఒకటి, ఈ రోజు పదింటికి ఆ బంగ్లాలోనే వేలం. కార్డు వాటిలో ఒకదాని వెనక ఉంది. విదేశీ ముఠా మనిషి దాన్ని పాడుకుని, దర్జాగా రసీదుతో దేశం దాటిస్తాడు.

"వందేళ్లు దాటినవైతే దేశం దాటనివ్వరు కదా సార్?"

"ఇవి తొంభై ఏళ్లవి. అక్కడే ఉంది వాళ్ల తెలివి. మూడు వారాల కిందట అన్నిటికీ కొత్త ఫ్రేములు కట్టింది మీ నాయన. కార్డు పెట్టింది కూడా ఆయనేనని మన సోర్స్ చెప్పింది. లాట్ నంబర్ నైన్, అంటే వేలంలో తొమ్మిదో పటం. పాడుకున్నవాణ్ణి కార్డుతో సహా పట్టుకోవాలి."

"సోర్స్ ఎవరు?"

"కమలిని. కోడ్ నేమ్ నెమలి. వేలం కంపెనీలో ఎక్స్‌పర్ట్. ముఠా తమ మనిషి అనుకుంటోంది. కానీ మన మనిషి."

"మా నాయనకు మెమరీ కార్డంటే ఏందో తెలీదు సార్. ఫోన్‌లో నంబర్ సేవ్ చేసుకోవడం రాదు."

"అయితే నిరూపించు. పన్నెండుకు ఆయన్ని హైదరాబాద్ పంపిస్తాం. అక్కడికి వెళ్లాక నా చేతుల్లో కూడా ఏమీ ఉండదు. సంతకం పెట్టకపోయావో, అదే ఫైల్లో నీ పేరు కూడా ఎక్కుతుంది. అప్పుడు ఆయన తరఫున వెతికేవాడు కూడా ఉండడు."

ముబారక్ సంతకం పెట్టాడు. చివర పొడుగాటి తోకతో సహా. కన్నతండ్రిని పట్టించే కాగితం మీద కూడా సంతకం అంత నీటుగా వచ్చిందే అని అతని మీద అతనికే అసహ్యం వేసింది.

ఎనిమిదికి, నల్ల అద్దాల కారులో కూర్చుని, వీధికి అవతలి నుంచి అంతా చూశాడు.

ఇమామ్ అంగట్లో గోడ కనబడదు. అన్నీ పటాలే. మక్కా పటం పక్కన అహోబిలం నరసింహస్వామి, ఆయన పక్కన ఎవరివో పెళ్లి ఫోటోలు. ఎవరి దేవుడైనా ఇమామ్ చేతి మీదుగానే గోడెక్కాలి. ఆ టైముకు ఆయన మైదా జిగురు ఉడకబెట్టి, మైలుతుత్తం కలిపి, ఒక పటానికి వెనక కాగితం అతికిస్తున్నాడు. తుత్తం కలిపిన జిగురు పచ్చగా, నీలంగా ఉంటుంది. చెదపురుగు దాని దరిదాపులకు రాదు. నలభై ఏళ్లుగా ఆయన చేతివేళ్లది అదే రంగు.

ఎస్సై లోపలికి వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"ఏందప్పా, నేనేం చేసినా?"

"స్టేషన్లో చెప్తాం, నడువు."

"వస్తాలేప్పా, యాడికి పోతా? చేతులు కడుక్కోనీ. ఇది మైలుతుత్తం, విషం."

కడుక్కోనివ్వలేదు. డెబ్బై ఏళ్ల మనిషి రెండు చేతులూ చొక్కాకు తగలకుండా గాల్లోకి ఎత్తి పట్టుకుని జీపెక్కాడు. పక్క అంగడివాళ్లు బయటికొచ్చి చూశారు. ఎదురు వీధి ఆడవాళ్లు చూశారు. కొడుకు కూడా చూశాడు. మెడికల్ రెప్పుగా ఊళ్లు తిరుగుతున్నాడని ఆ తండ్రి నమ్మే కొడుకు.

తొమ్మిదిన్నరకు ఆళ్లగడ్డ. దారి పొడుగునా రాతి విగ్రహాలు చెక్కే షెడ్లు, ఉలుల చప్పుడు. అది దాటి అహోబిలం రోడ్డులో దొర బంగ్లా. గేటు దగ్గర దిగేసరికి ముబారక్ హమాలీ అయిపోయాడు. ఖాకీ చొక్కా, భుజాన తుండు, రెండు రోజుల గడ్డం. చొక్కా గుండీలో కెమెరా. చెవిలో కనబడని ఇయర్‌పీస్. జేబులో నాలుగు లక్షల విలువ చేసే డిటెక్టర్ పెన్ను.

హాలు పక్క గదిలో కమలిని కేటలాగ్ ముందేసుకుని కూర్చుంది. నెమలికంఠం రంగు పట్టుచీర, తలమీదకు తోసిన చలువ కళ్లజోడు, గదంతా సెంటు. చూసినవాడు రెండోసారి చూడకుండా పోలేడు. ఆ సంగతి ఆవిడకూ తెలుసు.

"అహోబిలానికి బస్సు ఉందా అన్నా?" అంది, తలెత్తకుండా. అది కోడ్.

"ఎగువకా మేడమ్, దిగువకా?"

"ఎగువకే. మోకాళ్లు సహకరిస్తే." అప్పుడు తలెత్తి నవ్వింది. "లాట్ నైన్. మిగతావి ముట్టుకోవద్దు. పాపం ఆ ముసలాయన. మంచి పనివాడు కానీ పాతకాలం మనిషి. ఆ జిగురులో విషం కలుపుతాడు, తెలుసా? కాగితం పాడైపోతుంది."

ఆవిడ పక్కన చిన్న గాజు సీసా, సన్నటి బ్రష్షు ఉన్నాయి.

"మరి మీరు?" అన్నాడు ముబారక్, ఊరికే.

"జపాన్ గోధుమ గంజి. ప్యూర్. ఒక్క కెమికల్ ఉండదు. చిరిగిన కేటలాగ్ పేజీలకు వాడతాను."

ముబారక్ స్టోర్ రూమ్‌లోకి పోయి పెన్ను తీశాడు. మొదటి పటం దగ్గర బీప్‌మంది. రెండోదాని దగ్గరా బీప్‌మంది. నలభై ఒక్క పటాలకూ బీప్‌మంది. నాయన కొట్టిన మేకులు మరి! నాలుగు లక్షల పెన్నుకు మేకుకూ కార్డుకూ తేడా తెలియలేదు. దాన్ని జేబులో కుక్కి, బ్యూరోలో కొనుగోళ్లు చూసే మహానుభావుణ్ణి మనసారా తిట్టుకున్నాడు.

పదింటికి వేలం మొదలైంది. ముంబై నుంచి వచ్చిన వేలంపాటగాడు సుత్తి పట్టుకుని ఇంగ్లీషులో ఊదరగొట్టాడు. బయట నలభై రెండు డిగ్రీల ఎండ. లోపల ఒక్కొక్క పటంలో ఇంగ్లండ్ వాన. తడిసిన కొండలు, తడిసిన గొర్రెలు, తడిసిన చర్చీలు. కరువు సీమలో కూర్చుని ఆ దొర జీవితాంతం పరాయి దేశపు వానను గోడలకు తగిలించుకున్నాడు. ఆ గోడలకు సున్నం కొట్టినవాళ్లకు ఏం మిగిల్చాడో ఎవరూ అడగలేదు.

లాట్ నైన్, తడిసిన గొర్రెలు. బెంగళూరు వ్యాపారి ఒకాయన పాడుకుని, ఇంకాసేపు కూర్చుని, పదకొండుంబావుకు చెక్కు రాసి, పటం కారులో పెట్టించుకుని చాగలమర్రి రోడ్డు పట్టాడు. బ్యూరో కార్లు రెండూ ఆయన వెంట పోయాయి. హాల్లో బ్యూరో తరఫున మిగిలింది ఒక హమాలీ.

పదకొండున్నర దాటింది. నాయనకు ఇంకో అరగంట టైముంది.

"లాట్ ట్వంటీ సెవెన్!"

ముబారక్ స్టోర్ రూమ్‌లో ఆ పటం ఎత్తాడు. వానలో గొడుగు పట్టుకున్న దొరసాని, కాళ్ల దగ్గర కుక్క. పటం తిప్పి భుజానికి ఆనించుకోబోతే వేళ్లకు మట్టి తగిలింది.

చెద.

వెనక కాగితం కింది అంచు పొడుగునా చెదలు తిన్నాయి. తాజాగా. ముబారక్ గబగబా అటూ ఇటూ ఉన్న పటాలు తిప్పి చూశాడు. ఇరవై ఆరుకు లేదు. ఇరవై ఎనిమిదికి లేదు. ఆ వరస మొత్తంలో దేనికీ లేదు. అదే నేల, అదే గోడ, అవే మూడు వారాలు. అన్నిటినీ వదిలేసి చెదలు దీన్నొక్కదాన్నే తిన్నాయి.

అంటే ఈ కాగితం అతికించింది నాయన కాదు. నాయన జిగురైతే చెద ముట్టదు. ఎవరో విప్పి, మళ్లీ అతికించారు. విషం లేని జిగురుతో. ప్యూర్ జిగురుతో.

"చీఫ్, కార్డు ట్వంటీ సెవెన్‌లో ఉంది. నెమలి అబద్ధం చెప్పింది."

ఇయర్‌పీస్‌లో కారు హోరు. "ఏం ఆధారం?"

"చెదలు సార్."

"వాట్?"

"చెదపురుగులు. మా నాయన జిగురులో మైలుతుత్తం..."

"ముబారక్! లాట్ నైన్ నా కళ్ల ముందు పోతోంది. నువ్వు దేన్నీ ముట్టుకోకు. దట్స్ యాన్ ఆర్డర్."

"ఏయ్ హమాలీ, తొందరగా రావయ్యా!" హాల్లోంచి కేక.

పటం తీసుకెళ్లి స్టేజీ మీద నిలబడ్డాడు. రెండో వరసలో తెల్ల నార సూటు వేసుకున్న మనిషి, సింగపూర్ పాస్‌పోర్టు, పొద్దుట్నుంచి ఒక్క పటం కూడా పాడనివాడు, చెయ్యెత్తాడు. ఎవరో పెంచారు. మళ్లీ చెయ్యెత్తాడు. ఇంకెవరూ పలకలేదు. గుమ్మం దగ్గర కమలిని ఊపిరి బిగబట్టి నిలబడి ఉంది. నవ్వు లేదు.

"గోయింగ్ వన్స్!"

పాడుకున్నవాడి చేతికి పోతే అంతే సంగతులు. కార్డు దేశం దాటుతుంది, నాయన హైదరాబాద్ దాటి ఇంక ఇంటికి రాడు.

"గోయింగ్ ట్వైస్!"

సుత్తి పైకి లేచింది. హమాలీ చెయ్యి జారింది.

అద్దం భళ్లున పగిలింది. దొరసాని బోర్లా పడింది. "అయ్యయ్యో, తప్పయిపోయింది దొరా!" అంటూ ముబారక్ గాజు ముక్కల మీదే మోకాళ్లేసి, చెదలు తిన్న అంచులోకి వేళ్లు దూర్చాడు. చెయ్యి కోసుకుంది. కాగితం మెత్తగా ఊడొచ్చింది. దాని కింద, గోరంత కార్డు.

హాలంతా తిట్లు. నార సూటు మనిషి లేచి గేటు వైపు పరిగెత్తాడు. అంతకుముందే ముబారక్ పొగాకు నములుతూ మాటలు కలిపిన గేటు కానిస్టేబుల్, ఎందుకో తెలియకపోయినా, పరిగెత్తేవాణ్ణి పట్టుకోవాలన్న పాత అలవాటు కొద్దీ పట్టుకున్నాడు.

పావుగంటలో పద్మనాభ్ వెనక్కి వచ్చాడు. గది తలుపేసుకుని కమలినితో పది నిమిషాలు మాట్లాడాడు. బయటికొచ్చి ముబారక్ భుజం తట్టాడు.

"బ్రిలియంట్. మీ నాయన్ని వదిలెయ్యమని ఫోన్ చేశాను. సాయంత్రానికి ఇంటికి పోతాడు."

"కమలినిని?"

"ఆవిడ ఇప్పుడు నిజంగానే మన మనిషి. ఒప్పుకుంది. ముఠాలో పైవాళ్ల దాకా తీసుకెళ్తుంది. అంటే ముఠాకు ఆవిడ మీద అనుమానం రాకూడదు. బ్యూరో ఇప్పటికీ ఫ్రేముల ముసలాయననే అనుమానిస్తోందని వాళ్లు నమ్మాలి."

ముబారక్‌కు అర్థమైంది. అర్థం కానట్టు నిలబడ్డాడు.

"కేసు మూయం. ఆధారాలు చాలక వదిలామని రాస్తాం. పేపర్లో కూడా అంతే వస్తుంది."

"సార్, ఆయన ఊళ్లో తలెత్తుకుని తిరగొద్దా? నలభై ఏళ్లు అందరి దేవుళ్లకూ ఫ్రేములు కట్టిన మనిషి. దేశద్రోహి అని..."

"ఎవరూ అనరు. ఆధారాలు లేవని రాస్తున్నాంగా."

"సాలవని రాస్తాండారు సార్. లేవని కాదు!" కోపంలో నంద్యాల మాట బయటికి వచ్చింది.

పద్మనాభ్ చేతి రుమాలు తీసి ఇచ్చాడు, నెత్తురు తుడుచుకోమని. "దేశం కోసం ముబారక్. ఆర్డర్ మీద ఉన్నది నీ సంతకం. మర్చిపోకు."

గుమ్మంలోంచి కమలిని వెళ్తూ ఒక్క క్షణం ఆగింది. "ఆ ముసలాయన జిగురు పద్ధతి నేర్చుకోవాలి," అంది. వెటకారమో నిజమో తెలియలేదు. ముబారక్‌కు ఆవిడ మొహాన ఉమ్మెయ్యాలనిపించింది. ఉమ్మలేదు. ట్రైనింగ్ అటువంటిది.

నెల తర్వాత నంద్యాలకు పోయాడు. చేతిలో మందుల శాంపిల్స్ బ్యాగు.

అంగట్లో గోడ కనబడుతోంది. పటాలున్న చోట మేకులు మిగిలాయి. అహోబిలంలో అర్చకుల ఇంటి శ్రీరంగమ్మ వచ్చి నిలబడి ఉంది. నరసింహస్వామి పటం కట్టమని ఇచ్చి పోయింది, ఇప్పుడు కట్టకుండానే వాపసు అడుగుతోంది.

"నాకేం లేదప్పా ఇమామూ. ఇంట్లో వాళ్లు ఒప్పుకోరు. ఏమనుకోవద్దు."

"అనుకునేదేముందమ్మా," అన్నాడు ఇమామ్. పటం దులిపి, పాత పేపరు చుట్టి, పురికొస కట్టి, మూలలు నలక్కుండా రెండు చేతులతో ఇచ్చాడు. ఆవిడ కళ్లు తుడుచుకుంటూ పోయింది. కానీ పటం తీసుకునే పోయింది.

ముబారక్ ఎదురు స్టూలు మీద కూర్చున్నాడు. ఇమామ్ జిగురు గిన్నె కలుపుతూ అన్నాడు:

"స్టేషన్లో కాయితం సూపించినారు. సంతకం సూసినా."

ముబారక్ మందుల బ్యాగు కాళ్ల దగ్గర పెట్టాడు.

"ఎనిమిదో తరగతిలో ప్రోగ్రెస్ కార్డు మింద నా సంతకం నువ్వే పెట్టుకుంటివి, గ్యాపకముందా? అప్పుట్నించీ నీ సంతకానికి నా తోకే. నీ మందుల కంపెనీ ఏందో ఆ పొద్దే అర్తమాయ."

"నాయనా, నేను..."

"చెప్పొద్దు. చెప్పేదుంటే ముందే చెప్పుండేవాడివి." కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేదని ముబారక్‌కు ఏడుపొచ్చింది. "కడుపుకు తిన్న్యావా?"

తినలేదు. జేబులోంచి మందపాటి కాగితం తీసి నాయన ముందు పెట్టాడు. ఇవ్వడానికి తన దగ్గర ఇంకేమీ లేదు. బ్యూరో ప్రశంసాపత్రం. బంగారు అంచు, మూడు సింహాలు, పద్మనాభ్ సంతకం.

ఇమామ్ కళ్లద్దాలు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. చేత్తో కొలిచాడు. అది ఆయన చెయ్యి అలవాటు.

"బాగుండాది. గోడకు తగిలిచ్చేదేనా?"

"కాదు నాయనా. ఎవరికీ చూపించకూడదు. రహస్యం. చదివి చించెయ్యాలంట."

"చించేదెందుకు, కాయితం మందంగుండాది."

అంగట్లో మిగిలిన పని ఒక్కటే, ఆయన గడ్డం గీసుకునే అద్దం. దాని వెనకట్ట ఎప్పుడో ఊడిపోయింది. ఇమామ్ బ్లేడుతో సింహాలు, బంగారు అంచు తెగ్గోసి, సైజు సరిచూసి, అక్షరాల మీద నిండుగా జిగురు పూసి, అద్దం వెనక బోర్లా అతికించి అరచేత్తో అదిమాడు.

"తుత్తం బాగా పట్టిచ్చినాలే," అన్నాడు. "నీ రహస్యాన్ని చెదపురుగు గూడా ముట్టదు."