బూడిదలో పడిన అడుగు

పట్టపగలు పన్నెండు... అయినా చీకటి! స్ట్రాంజా కొండల మీద కాలమేఘాలు గర్జిస్తున్నాయి. ఎక్కడో గుడ్లగూబ కూసింది... పగటిపూట! నెవ్యానా గుమ్మంలోకి వచ్చి దారికేసి చూసింది. పొద్దుననగా వెళ్ళిన కూతురు ఇంకా రాలేదు. పెనిమిటి అన్న గాంచో క్షుద్రవిద్యల్లో ఆరితేరిన ఘటం. ఆమె పరుగున వెళ్ళి అతని తలుపు తోసింది.

కుళ్ళిన గుడ్ల కంపు! అల్యూమినియం రేకు పరిచిన బేసిన్‌లో, సోడా కలిపిన వేడినీళ్ళలో, నల్లబారిన పాత వెండి నాణేలు బుసబుసలాడుతున్నాయి. పక్కనే మానవ కపాలం! ఎదురుగా కూతురు, ఎనిమిదేళ్ళ కలీనా... కనుగుడ్లు తేలేసి ఒక్కో నాణేన్నీ రుద్దుతోంది. వెండి తెల్లబడేకొద్దీ ఆ పసివేళ్ళు బొగ్గులా నల్లబడుతున్నాయి!

"కలీనా!"

ఆ లేతగొంతులోంచి ఓ ముసలి మగగొంతు వికటంగా నవ్వింది.

"బావగారూ, మీ కాళ్ళు పట్టుకుంటా! పిల్లను వదిలెయ్యండి!"

"ముట్టుకున్నావో, మాడి మసైపోతావ్!" గాంచో హుంకరించాడు. "మెటల్ డిటెక్టర్‌తో వెతికి తవ్విన నిధి ఇది. ఏం బలి కావాలో కాపలా భూతాన్నే అడిగా. మొన్న రాత్రి పొలంలో ఆ గుంట మీద బూడిద చల్లి, పొద్దున లేచి చూస్తే చిన్న పాదం! ఎవరి అడుగు పడితే వాళ్ళే బలి. ఆఖరి నాణెం తళుక్కుమనగానే పిల్ల ప్రాణం దానిది, వెండి నాది. ఏడవకు మరదలా, నీకూ ఓ గుప్పెడు పారేస్తాలే!"

నెవ్యానా ఏడుపు ఠక్కున ఆగింది.

"ఓరి నీ బుద్ధి మండా! ఆ పొద్దున నీకు బానిత్సా రొట్టె ఇచ్చి రమ్మని దాన్ని పొలానికి పంపింది నేనే కదరా! నువ్వు గుర్రుపెట్టి పడుకుంటే గుంట గట్టు మీద పెట్టి వచ్చింది. మంచుకు తడుస్తాయని చెప్పులు చేతబట్టుకుని మరీ వెళ్ళింది. అది నా పిల్ల అడుగు! నీ భూతం ఇంకా జవాబే చెప్పలేదు!"

"అబద్ధం!..."

నెవ్యానా పొయ్యిలోని బూడిద దోసిళ్ళతో నేల మీద చల్లింది. "నిధికాసే స్వామీ! నీకెవరు కావాలో నువ్వే చెప్పు!"

ఫెళఫెళా పిడుగు! కపాలం కంటిగుంతల్లో నీలిమంట! ఎవరూ కదలలేదు... అయినా బూడిదలో అచ్చు పడింది! మడమ అరిగిన పెద్ద బూటు... మరొకటి... అచ్చంగా గాంచో కాలివే!

"వద్దు! వద్దు ప్రభూ!..."

అడగని బలిని అంటగట్టబోయిన మాంత్రికుణ్ణి ఏ మంత్రం కాపాడుతుంది? నలుపు అతని వేళ్ళ నుంచి మోచేతులకు, అక్కణ్ణుంచి గొంతుకు పాకింది. ఆర్తనాదం సగంలోనే తెగిపోయింది. నిలువెల్లా మసిగా మారి కుప్పకూలాడు.

నెవ్యానా కూతుర్ని ఎత్తుకుని వానలోకి పరుగెత్తింది. కలీనా కళ్ళు తెరిచింది. "అమ్మా, చేతులు మండుతున్నాయే... పెదనాన్నేడీ?"

"చచ్చాడు తల్లీ!"

పోయినవాడి మాటెత్తితే శిలువ గీసుకుని "దేవుడు క్షమించుగాక" అనడం ఆ ఊరి ఆనవాయితీ. నెవ్యానా అనలేదు. పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఆ వేళ్ళను వాననీటిలో ఒక్కొక్కటే కడుగుతూ ఉండిపోయింది. నలుపు వదల్లేదు.